బేస్‌బాల్ కార్డులు, పిల్లలూ, మనమూ

పోయిన నెల మన సంఘం భోజనాల దగ్గర, పులిహోర పళ్ళేలు చేతబట్టుకుని నిలబడ్డ నలుగురైదుగురు తల్లిదండ్రులు మమ్మల్ని ఒకటే ప్రశ్న అడిగారు. "మీ వాడు ఏవో ఆటగాళ్ళ కార్డులు పోగుచేస్తాడటగా? మా వాడూ ప్రాణం తోడేస్తున్నాడు. అసలు ఆ గొడవేమిటి? ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంతవుతుంది?" పక్కనే ఉన్న సంపాదకులుగారు ఇదంతా విని, "నోటితో నలుగురికి చెప్పే బదులు కాగితం మీద పెట్టండి, అందరికీ పనికొస్తుంది" అని పురమాయించారు. అందుచేత ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. మేమిద్దరం వృత్తిరీత్యా డాక్టర్లం. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివి, ఇక్కడ రెసిడెన్సీ చేసి, ఈ పిట్స్‌బర్గ్ ఊళ్ళో స్థిరపడ్డవాళ్ళం. కార్డుల విషయంలో మాకున్నది మూడేళ్ళ అనుభవం, అందులో సగం తప్పులే. మందు రాసిచ్చేటప్పుడు దానివల్ల వచ్చే ఇబ్బందులు కూడా చెప్పాలి కనుక, ఆ తప్పుల్ని కూడా దాచకుండా రాస్తున్నాం.

మనకు కొత్త కాదు

ఇది అమెరికా వాళ్ళ పిచ్చి అని కొట్టిపారేసే ముందు మన చిన్నతనం ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మన నాన్నల తరం అగ్గిపెట్టెల మీది బొమ్మలు చింపి దాచుకుంది. తపాలా బిళ్ళలు ఆవిరి పట్టి ఊడదీసింది. మా తరానికి బబుల్‌గమ్‌తో పాటు వచ్చే క్రికెట్ బొమ్మలు, కుస్తీ వీరుల ట్రంపు కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు అని అరుచుకుంటూ మేం ఆడిన ఆటల్లో ఎన్ని కట్టలు లెక్కల మేష్టారి సొరుగులోకి పోయాయో చెప్పలేం. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు వెతికితే ఒక్క ముక్కా కనబడలేదు. అమ్మ ఎప్పుడో పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ఇక్కడి కార్డు రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు ఉన్న అట్టముక్క. 1957 నుంచీ ఇదే కొలత. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతగాడి పుట్టుపూర్వోత్తరాలు, ఏ ఏడు ఎన్ని ఆటలు ఆడాడు, ఎన్ని కొట్టాడు అనే అంకెలు. మాకు మొదట నచ్చింది ఆ వెనకవైపే. చూడగానే రోగి కేస్‌షీటు చదువుతున్నట్టు అనిపించింది. మూడేళ్ళు బాగా ఆడినవాడికి నాలుగో ఏట ఇరవై ఆటలే కనబడితే, ఏదో దెబ్బ తగిలి ఉంటుందని మేం ఊహించేవాళ్ళం. ఐదో ఏట అంకెలు పడిపోతే మోచేతికో భుజానికో ఆపరేషన్ అయిందేమో అనుకునేవాళ్ళం. క్రికెట్ తప్ప మరేమీ తెలియని మాకు బేస్‌బాల్ అర్థమైంది ఈ అంకెల ద్వారానే. బ్యాటింగ్ సగటు .300 ఉన్నవాడు గొప్పవాడట. అంటే పదిసార్లలో ఏడుసార్లు విఫలమైనా గొప్పవాడే! మార్కులంటే తొంభై అయిదు దాటాల్సిందేనని పెరిగిన మనబోటివాళ్ళు పిల్లల చేతిలో పెట్టదగ్గ అంకె అది.

కాస్త చరిత్ర

ఈ కార్డులు మొదట పెద్దఎత్తున వ్యాపించింది సిగరెట్ పెట్టెల్లో. పెట్టె నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. దాని మీద బొమ్మ వేస్తే కొన్నవాడు మళ్ళీ కొంటాడని వ్యాపారులకు తోచింది. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల వరసలో మన పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి ఉంది. దాన్ని కొద్దిగా వేసి ఆపేశారు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టంలేక వాగ్నరే వద్దన్నాడని ఒక కథ, డబ్బు దగ్గర తేడా వచ్చిందని మరొక కథ. డాక్టర్లం కనుక మాకు మొదటి కథే ముద్దు. అయితే ఆ మహానుభావుడు తాను పొగాకు నమిలేవాడే. ఏమైతేనేం, ఆ కార్డులు అరవైకి మించి మిగల్లేదని అంచనా. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వాగ్నర్ విగ్రహం ఇక్కడి పి.ఎన్.సి. పార్కు వాకిట్లోనే ఉంది. వచ్చేపోయేవాళ్ళు పిల్లలకు చూపించవచ్చు.

ఆ కార్డును లోకమంతా "టి 206" అంటుంది. ఆ పేరు పెట్టినాయన కథ మాకు వాగ్నర్ కథకంటే ఎక్కువ నచ్చింది. ఆయన జెఫర్సన్ బర్డిక్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో ఫ్యాక్టరీ పని చేసుకుని బ్రతికిన బ్రహ్మచారి. కీళ్ళవాతంతో చేతులు వంకర్లు పోయాయి. ఆ చేతులతోనే మూడు లక్షలకు పైగా కార్డులు, ముద్రిత చిత్రాలు పోగుచేసి, వాటికి వరసలూ అంకెలూ పెట్టి పట్టిక వేశాడు. మొత్తం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చేసి, ఏళ్ళ తరబడి అక్కడే ఒక బల్ల దగ్గర కూర్చుని ఆల్బముల్లో అంటించాడు. 1963 జనవరిలో పని పూర్తయింది. మర్నాడే ఆసుపత్రిలో చేరాడు, మార్చిలో పోయాడు. ఆయన వీటిని అమ్ముకోలేదు. "దీనివల్ల లాభమేమిటి?" అని ఎవరైనా అడిగినప్పుడు మాకు ఆ చేతులే గుర్తొస్తాయి.

సిగరెట్ల తర్వాత బబుల్‌గమ్ వచ్చింది. బ్రూక్లిన్‌కు చెందిన టాప్స్ కంపెనీలో సై బెర్గర్ అనే ఉద్యోగి తన వంటింటి బల్ల మీద కూర్చుని 1952 నాటి కార్డులకు రూపం దిద్దాడు. ఇవాళ మనం చూసే కార్డుకు మూలపురుషుడు అదే. ఆ ఏడాది చివర్లో వేసిన కార్డులు అమ్ముడుపోక గిడ్డంగిలో మూలుగుతుంటే, 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో కుమ్మరించానని ఆయనే చెప్పుకున్నాడు. వాటిల్లో మికీ మాంటిల్ కార్డులు కూడా ఉన్నాయి. మిగిలిన మాంటిల్ కార్డుల్లో అతి శుభ్రంగా ఉన్న ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది.

ఇక్కడే అసలు పాఠం ఉంది. పాత కార్డులకు విలువ వచ్చింది వాటిని తల్లులు పారేశారు గనుక. మన అమ్మ తూకానికి వేసినట్టే ఇక్కడి అమ్మలూ వేశారు. ఈ రహస్యం తెలిసిన జనం 1980లలో ఒక్కటీ పారేయకుండా దాచడం మొదలుపెట్టారు. కంపెనీలు కూడా ఎడాపెడా అచ్చువేశాయి. ఫలితం ఏమిటంటే 1987 నుంచి 1993 దాకా వచ్చిన కార్డులు కోట్లకొద్దీ ఇప్పటికీ అటకల మీద ఉన్నాయి, అడిగే దిక్కు లేదు. మాతో పనిచేసే ఒక టెక్నీషియన్ ఇరవై వేల కార్డులు పిల్లవాడి కాలేజీ చదువుకని దాచాడు. దుకాణానికి మోసుకెళ్తే నలభై డాలర్లిస్తామన్నారట. అందుచేత, "ఇది పెట్టుబడి" అని ఎవరైనా చెబితే చెవిన వేసుకోకండి. అందరూ దాచుకునే వస్తువు అరుదు కాదు.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటిది, ఏదో ఒక్కటి ఎంచుకోవాలి. ఒక జట్టు కావచ్చు, ఒక ఆటగాడు కావచ్చు, ఒక ఏడాది వరస కావచ్చు. బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, సాకర్ అన్నీ కావాలంటే జేబూ చాలదు, ఇల్లూ చాలదు. మా వాడు పైరేట్స్ జట్టుకు కట్టుబడ్డాడు. దానితో కొనవలసినవాటికంటే కొననక్కరలేనివి ఎక్కువయ్యాయి. మాకు హాయి.

రెండోది, విడికార్డులు కొనండి. ప్యాకెట్టు కొంటే లోపల ఏముందో తెలియదు. విడికార్డు కొంటే తెలుస్తుంది. హాబీ దుకాణాల్లోనూ, శని ఆదివారాల్లో హోటల్ హాళ్ళల్లో, చర్చి నేలమాళిగల్లో జరిగే కార్డు షోల్లోనూ డాలరుకొకటి, అర డాలరుకొకటి పెట్టెలుంటాయి. పిల్లవాడి చేతిలో పది డాలర్లు పెట్టి ఆ పెట్టెల ముందు వదిలేయండి. గంట తర్వాత వాడు ఏరుకున్నవి చూస్తే వాడి మనసేమిటో తెలుస్తుంది. ఆ గంటలో మనం కాఫీ తాగవచ్చు.

మూడోది, మాటలు నేర్చుకోవాలి. వరసలో అందరికీ వచ్చే మామూలు కార్డు "బేస్ కార్డు". అదే బొమ్మ వేరే రంగు అంచుతోనో, మెరుపుతోనో తక్కువ సంఖ్యలో వేస్తే "పారలల్". కొన్నిటి మీద 99లో 14వది అన్నట్టు అంకె కొట్టి ఉంటుంది. ఆటగాడు పెద్ద జట్టులో అడుగుపెట్టిన తొలినాళ్ళ కార్డు "రూకీ కార్డు". ఎక్కువమంది కోరేది ఇదే. 2006 నుంచి బేస్‌బాల్ రూకీ కార్డుల మీద ఆ సంగతి తెలిపే గుర్తు వేస్తున్నారు గనుక కొత్తవాళ్ళు మోసపోయే అవకాశం కొంత తగ్గింది.

నాలుగోది, కాపాడుకోవడం. దీనికి పెద్ద ఖర్చు లేదు. కార్డును ముందు పలచటి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి. దాన్ని పెన్నీ స్లీవ్ అంటారు. కాస్త విలువైనదైతే ఆ తొడుగుతో సహా గట్టి ప్లాస్టిక్ పలకలోకి, అంటే టాప్‌లోడర్‌లోకి దించాలి. తొడుగు లేకుండా సరాసరి టాప్‌లోడర్‌లోకి దూర్చితే అంచులు గీసుకుపోతాయి. తక్కినవి తొమ్మిది అరల పేజీల బైండర్‌లో పెట్టుకోవచ్చు. పి.వి.సి. లేని పేజీలే కొనండి. రబ్బరు బ్యాండు వేయకూడదు. ఎండ తగిలే కిటికీ దగ్గరా, తేమ ఉండే బేస్‌మెంటులోనూ ఉంచకూడదు. మురికిగా ఉందని తుడవడం, రబ్బరుతో రుద్దడం, అంచు కత్తిరించడం అసలే పనికిరాదు. ఇందాక చెప్పిన వాగ్నర్ కార్డుల్లో అన్నిటికంటే ప్రసిద్ధమైన దాని అంచులు తానే కత్తిరించానని దాన్ని అమ్మిన బిల్ మాస్ట్రో 2013లో ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఐదోది, ధర. అమ్మేవాడు అడిగే ధర ధర కాదు. నిజంగా అమ్ముడుపోయినవి ఎంతకు పోయాయో చూడాలి, అదీ గత రెండు మూడు నెలల్లో. మనూళ్ళో స్థలం కొనేటప్పుడు పక్క స్థలం ఎంతకు రిజిస్టరైందో కనుక్కున్నట్టే.

ఆరోది, గ్రేడింగ్. కార్డును పంపితే పరీక్షించి, ఒకటి నుంచి పది దాకా మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి తిరిగి పంపే కంపెనీలున్నాయి. వాటిలో పేరున్న పి.ఎస్.ఏ. 1991లో మొదలైంది. వాళ్ళు చూసేవి నాలుగు. బొమ్మ నడిమధ్యన ఉందా, మూలలు వాడిగా ఉన్నాయా, అంచులు శుభ్రంగా ఉన్నాయా, పైన గీతలూ మచ్చలూ ఉన్నాయా అని. పదికీ తొమ్మిదికీ మధ్య తేడా మన కంటికి ఆనదు, ధరలో మాత్రం రెండు మూడు రెట్లు కూడా ఉండవచ్చు. మొదలుపెట్టేవాళ్ళకు ఇది అక్కరలేదని మా సలహా. కార్డు ధరకంటే పరీక్ష ఖర్చు ఎక్కువైన సందర్భాలు మా ఇంట్లోనే ఉన్నాయి. అక్కరలేని పరీక్షలు రాయకూడదని మాకు వేరే చెప్పాలా!

ప్యాకెట్ల మాయ

ఇక మా తప్పుల జాబితా. 2020లో కోవిడ్ వచ్చి జనం ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు ఈ దేశంలో కార్డుల గిరాకీ ఒక్కసారిగా పెరిగిపోయింది. 2021 మార్చికల్లా పి.ఎస్.ఏ. పని తట్టుకోలేక కొత్త కార్డులు తీసుకోవడం చాలావరకు ఆపేసింది. ఆ మే నెలలో విస్కాన్సిన్‌లో ఒక దుకాణం ఆవరణలో కార్డుల కోసం కొట్టుకుంటే, టార్గెట్ దుకాణాలు కొంతకాలం కార్డులు పెట్టడమే మానేశాయి. మేం దిగేసరికి ఆ వేడి తగ్గింది గానీ మా వేడి తగ్గలేదు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తూ దారిలో రెండు ప్యాకెట్లు, జీతం రోజున ఒక పెట్టె. "పిల్లవాడి కోసం" అని పేరు. చింపేది మాత్రం మేం, వాడు నిద్రపోయాక. ఒక సీజను ముగిశాక కూర్చుని లెక్క వేస్తే తొమ్మిది వందల డాలర్లు పెట్టి, నూట నలభై డాలర్ల కార్డులు సంపాదించాం.

ఎందుకిలా అయ్యింది? ఎన్ని ప్యాకెట్లకు ఒకటి మంచిది తగులుతుందో కవరు మీదే అచ్చువేసి ఉంటుంది. అది చదివినా చెయ్యి ఆగదు. గింజ ఎప్పుడు పడుతుందో తెలియని పావురమే మీటను ఎక్కువసార్లు పొడుస్తుందని స్కిన్నర్ చూపించిన ప్రయోగం మేం చదువుకున్నదే. ఆ పావురాలం మేమేనని తెలియడానికి ఒక ఏడాది పట్టింది. పైగా ఎక్కడో ఒకరికి తగులుతూనే ఉంటుంది. మన పైరేట్స్ బౌలర్... బౌలర్ అంటున్నాం, పిచర్ అనాలి... పాల్ స్కీన్స్ మొదటి ఆటనాటి చొక్కా మీది గుర్తు, సంతకం కలిపి ఒకే ఒక్క కార్డు వేశారు. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో పదకొండేళ్ళ కుర్రాడికి అది 2024 డిసెంబరులో ప్యాకెట్లో దొరికింది. ఆ కార్డు తమకిస్తే ముప్ఫై ఏళ్ళపాటు రెండు సీజన్ టిక్కెట్లిస్తామని జట్టువాళ్ళన్నా ఆ కుటుంబం వేలానికే పెట్టింది. 2025 మార్చిలో 11 లక్షల పైచిలుకు డాలర్లు వచ్చాయి. దొరికిన ఒక్కడి కథ అన్ని పత్రికల్లోనూ వచ్చింది. దొరకనివాళ్ళం ఎంతమందిమో ఎవరూ రాయలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నియమం ఇది. నెలకు ఇరవై డాలర్లు. అందులో ప్యాకెట్టు ఒక్కటే, అదీ మా వాడి చేత్తోనే చింపాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఖర్చు దాస్తున్నా, పోయింది రాబట్టుకోవడానికి మళ్ళీ కొంటున్నా, దాన్ని హాబీ అనకండి. జూదానికి ఏ సలహా అడుగుతామో దానికీ అదే అడగాలి.

మార్పిడి గురించి

ఇక చివరిది, మేం అసలు చెప్పదలచుకున్నది.

కార్డుల సరదా అంతా ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. కిందటేడు బడికి వేసవి సెలవులిచ్చే ముందు మా వాడు బస్సు దిగి ఒక వెలిసిన కార్డు చూపించాడు. నడుమ ఒక మడత, ఒక మూల గుండ్రంగా అరిగిపోయింది. "క్లెమెంటే! నా స్కీన్స్ ఇచ్చి తీసుకున్నా" అన్నాడు. మా గుండె గుభేలుమంది. ఆ స్కీన్స్ మెరుపు రూకీ కార్డు వాడికి పుట్టినరోజు ప్యాకెట్లో తగిలింది. ఫోనులో చూస్తే ఎనభై డాలర్ల పైన ఉంది. ఈ పాతది ఉన్న స్థితికి పదిహేను వస్తే గొప్ప. పక్కింటి కుర్రాడు మావాణ్ణి బోల్తా కొట్టించాడని ఇద్దరం ఒకేసారి అనుకున్నాం. వెంటనే వాళ్ళింటికి ఫోన్ చేసి, పిల్లలకు తెలియక జరిగింది, కార్డు వెనక్కి ఇప్పించండి అన్నాం. పది నిమిషాల్లో ఆ తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడు ఎర్రబడ్డ మొహంతో కార్డును రెండు చేతులా పట్టుకుని ఇచ్చి, తనది తీసుకుని, "సారీ" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర మేం మావాడికి లోకజ్ఞానం గురించి ఉపన్యాసం ఇచ్చాం.

మర్నాటినుంచి ఆ కుర్రాడు మా గుమ్మం తొక్కలేదు. బస్సులో ఇద్దరూ వేర్వేరు సీట్లలో కూర్చున్నారు. మా వాడి బైండర్ అలమర పై అరలోకి ఎక్కింది. స్కీన్స్ కార్డు బల్ల మీదే ఉంది, వాడు ముట్టుకోలేదు. మూడు వారాలు ఇలా గడిచాక ఒక రాత్రి పడుకోబోతూ వాడే అన్నాడు: "నాన్నా, ఆ కార్డు మీద పేరు చూశావా? బాబ్ అని ఉంది. ఆయన పేరు బాబ్ కాదు."

తర్వాత మేం చదువుకుని తెలుసుకున్నాం. రాబర్టో క్లెమెంటే ప్యూర్టోరికోలో పుట్టి 1955లో పైరేట్స్ తరఫున ఆడడానికి ఈ ఊరు వచ్చాడు. ఆయన మాటల్ని యాసతో సహా అచ్చువేసి పత్రికలవాళ్ళు నవ్వుకునేవారు. నా పేరు రాబర్టో అని ఆయన చెబుతూనే ఉన్నా, 1957 నుంచి 1969 దాకా టాప్స్ కార్డుల మీద "బాబ్ క్లెమెంటే" అనే వేశారు. 1970లోగానీ సరిచేయలేదు. 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం పట్టుకెళ్తూ విమానం కూలి పోయాడు. అప్పటికి ఆయన హిట్లు సరిగ్గా 3,000. ఇక్కడి బళ్ళల్లో ఆయన గురించి పాఠం చెబుతారు. మా వాడి అయిదక్షరాల పేరు బడిలో చేరిన మొదటి వారంలోనే రెండక్షరాలైంది. పోనీలే, వాళ్ళకు పలకడం తేలిక అని సర్దిచెప్పింది మేమే. ఆసుపత్రిలో మా ఇంటిపేరులో మొదటి అక్షరంతోనే మమ్మల్ని పిలుస్తుంటే పలుకుతున్నదీ మేమే. ఆ కార్డు వాడికి ఎందుకు కావాలో ధర చూసిన మాకు తెలియలేదు, వాణ్ణి అడగాలనీ తోచలేదు.

మర్నాడు పక్కింటికి వెళ్ళి తప్పు మాదని ఒప్పుకున్నాం. ఆ తండ్రి మర్యాదస్తుడు, లోపలికి రమ్మన్నాడు. ఆ క్లెమెంటే తన చిన్ననాటి పెట్టెలోంచి కొడుక్కి ఇచ్చిందేనట. ఇచ్చేముందు రాత్రి వాడు తండ్రిని అడిగే ఇచ్చాడట. మాకూ తెలుసనుకున్నారు. చివర్న మెల్లిగా ఒక్క మాటన్నాడు: "మా వాడు మూడు వారాలుగా తనేదో దొంగతనం చేశాననుకుంటున్నాడు." దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

పిల్లలిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి మేం లోపలికొచ్చేశాం. అరగంట తర్వాత చూస్తే పాత బేరమే మళ్ళీ కుదిరింది. ఒక్క తేడా, ఈసారి మావాడు పైన రెండు మామూలు కార్డులు అదనంగా గుంజాడు. లోకజ్ఞానం ఉపన్యాసం పూర్తిగా వృథా పోలేదన్నమాట. వాళ్ళ స్నేహం మునుపటంత కాకపోయినా మళ్ళీ మొదలైంది. స్కీన్స్ కార్డు ఇవాళ ఎంత పలుకుతోందో మేం చూడలేదు.

అప్పటినుంచి రెండిళ్ళవాళ్ళం కలిసి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. మీకూ పనికొస్తాయేమో చూడండి. పాతిక డాలర్లలోపు కార్డుల మార్పిడి పిల్లల ఇష్టం, పెద్దలు నోరెత్తకూడదు. అంతకు మించినదైతే చేతులు మారకముందే రెండిళ్ళల్లోనూ తెలియాలి. చేతులు మారాక వెనక్కి అడగకూడదు. ఇంకొకటి మా ఇంటికి మాత్రమే చెందినది. ధర చూసే ముందు, "ఇది నీకెందుకు కావాలి?" అని అడగాలి.

వచ్చే నెల మన వేసవి పిక్నిక్‌లో చెట్టు కింద ఒక బల్ల పిల్లల కార్డుల కోసం వేయిస్తామని కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. డూప్లికేట్లు ఉన్నవాళ్ళు తీసుకురండి. లేనివాళ్ళు ఉత్త చేతులతోనే రండి. మా దగ్గర తొమ్మిది వందల డాలర్ల పాపం తాలూకు బేస్ కార్డులు మూడు అట్టపెట్టెలున్నాయి, కొత్తగా మొదలుపెట్టే ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఇరవై ఉచితంగా ఇస్తాం. తొడుగులు కూడా మేమే తెస్తాం. పెద్దలు బల్లకు పది అడుగుల దూరంలో కుర్చీలు వేసుకోవాలని మనవి. మా వాడి క్లెమెంటే కూడా ఆ బల్ల మీద ఉంటుంది గానీ, అది చూడ్డానికే, మార్పిడికి కాదట.